డేవిడ్ లాక్: పక్షుల ముక్కులు కొలిచిన ఉపాధ్యాయుడు

డార్విను పేరు వినని విద్యార్థి ఉన్నత పాఠశాలలో నుండడు. 1835వ సంవత్సరమున అతడు గలాపగోస్ దీవులలో ఐదు వారములు గడపుటయు, అచటి ఫించి పక్షులను సేకరించి తెచ్చుటయు పాఠ్యపుస్తకములలో కానవచ్చును. కాని డార్విను ఆ దీవులకు పోయివచ్చిన నూఱేండ్ల వఱకును ఒక ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పినవారు లేరు. ఒకే దీవియందు, ఒకే పొదల క్రింద, ప్రక్కప్రక్కనే మేయుచుండు దగ్గఱి చుట్టములైన రెండు జాతులలో ఒకదాని ముక్కు సన్నముగను, మఱియొకదాని ముక్కు లావుగను ఏల యుండవలెను? ఈ ప్రశ్నకు మొదట ఒక సమాధానము చెప్పి, పిమ్మట దానిని తానే త్రోసిపుచ్చి, మఱియొక సమాధానము చెప్పినవాడు ఒక పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు. ఆయన పేరు డేవిడ్ లాక్. ఆయన చరిత్రను మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుప బూనితిమి.

డేవిడ్ లాంబర్ట్ లాక్ 1910 జూలై 16వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి పేరుపొందిన శస్త్రవైద్యుడు. కుమారునకు మాత్రము చిన్ననాటినుండియు పక్షులే లోకము. తొమ్మిదవ యేటికే చాల పక్షుల పేర్లు నేర్చి, తాను చూచిన వాని పట్టికను అక్షరక్రమమున వ్రాసికొని యుంచెను. నార్ఫోక్ మండలములోని గ్రెషమ్ పాఠశాలలో చదివి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మాడ్లిన్ కళాశాలలో చేరి, 1933లో పట్టము పొందెను. మఱుసటి యేడే కేంబ్రిడ్జి మండలపు పక్షులను గూర్చి ఆయన గ్రంథము వెలువడెను. ఆ కాలమున పక్షుల పరిశీలనము తీరికగలవారి వినోదముగా నెంచబడుచుండెనే కాని జీవనాధారమైన వృత్తి కాదు. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ సిఫారసు వలన లాక్ డెవన్ మండలమున డార్టింగ్‌టన్ హాల్ అను పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడుగా చేరెను.

ఈ డార్టింగ్‌టన్‌కు మన దేశముతో సంబంధము కలదు. దానిని స్థాపించిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అంతకుముందు వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరు వద్ద నుండి, 1922లో శ్రీనికేతనమును నెలకొల్పుటలో తోడ్పడినవాడు. ఠాకూరు ఆదర్శముల ప్రభావముననే ఆయన స్వదేశమున భార్య డొరొతీతో కలిసి అట్టి విద్యాకేంద్రమును నిర్మించెను. అచ్చట పిల్లలకు స్వేచ్ఛ మెండు. చేతితో చేసి నేర్చుకొనుటకు ప్రాధాన్యము హెచ్చు. లాక్ పనికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు.

పాఠశాల చుట్టునున్న తోటలలో రాబిన్ అను చిన్న పక్షులు కలవు. వాని రొమ్ము ఎఱ్ఱగా నుండును. ఇంగ్లండు ప్రజలకు ఎంతో ప్రియమైన పిట్ట అది. సాధువనియు స్నేహశీలి యనియు దానికి పేరు. లాక్ ఈ పక్షులను పట్టి, ఒక్కొక్కదాని కాలికి వేర్వేఱు రంగుల కడియములు తొడిగి విడిచెను. ఇట్లు ఏ పిట్ట ఏదో గుర్తించి, పాఠములు లేని వేళలందు సంవత్సరముల తరబడి వెంబడించెను. తేలిన సంగతి లోకుల నమ్మకమునకు విరుద్ధము. ప్రతి మగపిట్టకును ఒక హద్దుగల చోటుండును. ఆ హద్దు దాటి వచ్చిన మఱియొక రాబిన్‌ను అది తఱిమివేయును. అది పాడు పాట బెదరింపు కూడ. లాక్ తోలు నింపిన రాబిన్ బొమ్మను అక్కడ నుంచగా తోటయజమానియైన పక్షి దానిమీద పడెను. బొమ్మను తీసివేసి ఎఱ్ఱని ఈకల గుత్తిని మాత్రము తీగెకు కట్టగా దానిని కూడ బెదరించెను! పక్షికి శత్రువు రూపముతో పనిలేదు, ఎఱుపే గుర్తు. ఈ పరిశోధన 1943లో పుస్తకముగా వచ్చి బహుళాదరము పొందెను.

మేమిచ్చట ఆగి ఒకమాట చెప్పవలసియున్నది. పక్షి శరీరమున ఒక భాగము పరులకు గుర్తుగా పనిచేయునన్న ఊహ ఆ రోజులలో లాక్ మనస్సున గట్టిగా నాటియుండవచ్చును. ఆయన గలాపగోస్ ఫించిలను చూచినప్పుడు మొదట చేసిన నిర్ణయమునకు ఈ ఊహయే దారితీసెనేమో అని మా తలంపు.

1938లో లాక్ పాఠశాలనుండి ఒక సంవత్సరము సెలవు పుచ్చుకొని, కొందఱు మిత్రులతో గలాపగోస్ దీవులకు బయలుదేరెను. వారిలో ఆ పాఠశాల విద్యార్థియే యైన రిచర్డ్ లీకాక్ అను 17 ఏండ్ల బాలుడు చలనచిత్రపు కెమెరాతో కూడ పోయెను. ఇతడే తరువాతి కాలమున వాస్తవ చిత్రముల నిర్మాతగా ప్రఖ్యాతి గాంచెను. ఆ డిసెంబరు మొదలు 1939 ఏప్రిల్ వఱకు వారు దీవులందుండిరి. చిత్రములలో చూచి మనము ఊహించుకొను సుందర ద్వీపములు కావవి. కరుకైన అగ్నిశిలలు, దట్టమైన ముండ్లపొదలు, త్రాగునీటి కఱవు, నల్ల ఎలుకలు, ఈగలు, గోమార్లు. ఐనను లాక్ పక్షుల గూళ్ళను, పాటలను, జతకట్టు తీరును, తిండిని ఓపికతో గమనించి వ్రాసికొనెను.

ఫించిలు పిచ్చుకలంత, లేక అంతకు కొంచెము పెద్దవిగా నుండు మసిరంగు పక్షులు. గలాపగోస్‌లో 13 జాతులు, దూరముగనున్న కోకోస్ ద్వీపమున ఒక జాతి యున్నట్లు లాక్ లెక్కించెను. రంగులలో భేదము స్వల్పము. ముక్కులలో మాత్రము ఆశ్చర్యకరమైన భేదము. నేలపై గింజలేరుకొను జాతులలోనే చిన్న, నడిమి, పెద్ద అని మూడున్నవి. పెద్ద జాతి ముక్కు ఎంత బలిష్ఠమైనదనగా, పల్లేరుకాయను పగులగొట్టి లోపలి గింజను తినగలదు. ఆ దీవుల పల్లేరు మన పొలముగట్లపై అరికాళ్ళకు గ్రుచ్చుకొను పల్లేరునకు దాయాదియే. దాని కాయ ఎంత గట్టిదో మా విద్యార్థులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

దీవులనుండి లాక్ శాన్ ఫ్రాన్సిస్కోకు పోయెను. అచ్చటి శాస్త్రపరిషత్తు 1905-06లో గలాపగోస్‌కు పంపిన బృందము తెచ్చిన పక్షి చర్మములు వేలకొలదిగా నుండెను. లాక్ ఒక్కొక్కదాని ముక్కు పొడవును మందమును, ఱెక్క పొడవును కొలిచెను. ఈ పనిలో మెఱుపులేదు. మిల్లీమీటరులో పదవవంతుల అంకెలతో పుటలు నింపుట అది. ఆయన చేసిన పనులన్నిటిలో మేము మిక్కిలి మెచ్చునది ఇదే. ఏలయన తరువాత మనస్సు మార్చుకొనవలసి వచ్చినప్పుడు ఆయనకు ఆధారమైనవి ఈ అంకెలే.

1940 నాటికి ఆయన తన నిర్ణయమును వ్రాసి ముగించెను. రెండు జాతులు ఒకేచోట నుండి ఇంచుమించు ఒకే గింజలు తినుచున్నట్లు తాను చూచెను గనుక, ముక్కుల భేదమునకు తిండితో సంబంధము లేదనియు, ఆడపక్షి తన జాతి మగపక్షిని గుర్తుపట్టుటకు ముక్కు ఒక గుర్తు మాత్రమే యనియు ఆ వ్రాతలోని సారాంశము. యుద్ధము వలన ముద్రణము ఆలసించి ఆ గ్రంథము 1945లో గాని వెలువడలేదు. విచిత్రమేమనగా, అది అచ్చై వచ్చునప్పటికి దానిని వ్రాసినవాడు అందలి ముఖ్యవిషయమును విడిచిపెట్టియుండెను!

రెండవ ప్రపంచయుద్ధమున లాక్ సైన్యమునకు సంబంధించిన రాడార్ పరిశోధనశాఖలో పనిచేసెను. శత్రువిమానములను పసిగట్టు ఆ యంత్రములపై అప్పుడప్పుడు కారణము తెలియని చుక్కలు కనబడుచుండెడివి. వానిలో కొన్ని సముద్రముపై ఎగురు పక్షులని లాక్ తన సహోద్యోగి జార్జి వార్లీతో కూడి నిరూపించెను. పక్షుల వలసలను రాడార్‌తో పరిశీలించు విద్యకు ఇది అంకురార్పణము.

ఆ యుద్ధదినములలోనే, 1943 ప్రాంతమున, ఆయన మనస్సు మాఱెను. రష్యాదేశపు యువ శాస్త్రవేత్త గౌజ్ 1934లో ఒక పుస్తకము ప్రకటించియుండెను. గౌజ్ గాజుగొట్టములలో పెరమీసియమ్ అను సూక్ష్మజీవుల రెండు జాతులను వేర్వేఱుగా పెంచగా రెండును వృద్ధిపొందెను. ఒకే గొట్టమున కలిపి పెంచగా కొన్ని వారములలో ఒకటి మిగిలి రెండవది నశించెను. మఱియొక జతను కలిపినప్పుడు మాత్రము రెండును బ్రదికెను. ఏలయన ఒకటి పైనున్న తిండిని, ఒకటి అడుగునకు చేరిన తిండిని తినుచుండెను. ఒకే తిండిని ఒకే తీరున ఆశ్రయించు రెండు జాతులు ఒకచోట చిరకాలము మనలేవని దీని భావము.

ఈ మాట నిజమైనచో గలాపగోస్‌లో ఒకేచోట మేయు రెండు ఫించి జాతులు ఎట్లు మనుచున్నవి? లాక్ తన కొలతల పుటలను తిరుగ తెఱచెను. చాల దీవులలో చిన్న నేల ఫించి, నడిమి నేల ఫించి రెండును కలవు. అట్టిచోట్ల చిన్నదాని ముక్కు మందము సుమారు 8 మిల్లీమీటరులు, నడిమిదాని ముక్కు మందము సుమారు 12 మిల్లీమీటరులు. కాని డాఫ్నీ అను చిఱుదీవిలో ఆనాడు నడిమి జాతి మాత్రమే స్థిరముగ నుండెను. అచ్చట దాని ముక్కు 12 కాదు. 9, 10 మిల్లీమీటరుల ప్రాంతము. లోస్ హెర్మానోస్ అను చిఱుదీవులలో చిన్న జాతి మాత్రమే కలదు. అచ్చట దాని ముక్కు సాధారణము కంటె లావై, అదియు ఇంచుమించు ఆ కొలతకే వచ్చెను. ప్రక్క జాతి యున్నచోట రెండును ఎడమెడముగా తొలగినవి; లేనిచోట రెండును ఒకే నడిమి కొలతకు చేరినవి. ముక్కు కేవలము గుర్తైనచో ఒంటరిగా నున్న జాతి ఇట్లు రెండవదాని కొలతకు జరుగుటకు కారణము కనబడదు. తిండికై పోటీయే కారణమైనచో అంతయు సరిపోవును: రెండు జాతులున్నచోట రెండింటికిని పొత్తైన గింజలపై ఆధారపడిన పక్షులు చిక్కి, చిన్నగింజలకు తగిన సన్నముక్కువియు, పెద్దగింజలకు తగిన లావుముక్కువియు ఎక్కువగ బ్రదికి పిల్లలను కనును.

మఱి రెండు జాతులు ఒకే గింజలు తినుట తాను కన్నులార చూచెను గదా! లాక్ దీనికి చెప్పిన సమాధానము గమనింపదగినది. తాను దీవులలో నున్నది వానలకాలమున. అప్పుడు తిండి సమృద్ధి. అన్నియు అన్నింటిని తినును. పోటీ కఱవుకాలమున గాని కనబడదు. కఱవు వచ్చినపుడు తాను అచ్చట లేడు.

1944లో బ్రిటిష్ జీవావరణ పండితుల సభయందు ఈ విషయముపై తీవ్రమైన చర్చ జరిగెను. లాక్, చార్లెస్ ఎల్టన్, వార్లీ మున్నగువారు గౌజ్ పక్షమున నిలువగా కెప్టెన్ డైవర్ గట్టిగా ఎదిరించెను. లాక్ తన దేశపు తీరముననే యున్న రెండు నీటికాకులను ఉదాహరణముగా చూపెను. కార్మొరెంట్, షాగ్ అను ఈ పక్షులు చూపునకు ఒకే తీరుగ నుండును. రెండును మునిగి చేపలు పట్టును. కాని కడుపులోని తిండిని పరీక్షింపగా కార్మొరెంట్ లోతులేని నదీముఖములలో అడుగున నుండు చదునుచేపలను, రొయ్యలను తినుచున్నట్లును, షాగ్ బయటి సముద్రమున ఇతర చేపలను పట్టుచున్నట్లును తెలియవచ్చెను. గూడుకట్టు చోట్లు కూడ వేఱు. 1947లో డార్విను ఫించిలు అను పేర లాక్ వ్రాసిన పుస్తకము వెలువడెను. అంతకుముందు అక్కడక్కడ వాడబడుచుండిన ఆ పేరు దీనితో ఆ పక్షులకు స్థిరపడినది. తన తొలి నిర్ణయమును ఏల విడిచెనో అందులో ఆయన దాచక చెప్పెను. 1956లో బ్రౌన్, విల్సన్ అను అమెరికా పండితులు ఇట్లు పొరుగు జాతి వలన శరీరలక్షణము తొలగుటకు ఒక శాస్త్రనామము నిచ్చి, ఇది ఫించిలకే పరిమితము కాదని వాదించిరి.

ఆయన తక్కిన జీవితమును గూర్చి క్లుప్తముగ చెప్పెదము. 1945లో ఆక్స్‌ఫర్డులోని ఎడ్వర్డ్ గ్రే పక్షిశాస్త్ర సంస్థకు అధ్యక్షుడై కడవఱకు ఆ పదవిలోనే యుండెను. సమీపపు వైథమ్ అడవిలో చెట్లకు పెట్టెలు కట్టించి 1947లో ఆరంభించిన పక్షిపరిశీలనము నేటికిని జరుగుచున్నది. పక్షి ఎన్ని పిల్లలను పోషింపగలదో అన్ని గుడ్లనే పెట్టునని, ఎక్కువ పెట్టినచో పిల్లలు చిక్కి చచ్చునని ఆయన వాదము. విశ్వవిద్యాలయ ప్రదర్శనశాల గోపురమున స్విఫ్టు పక్షులకు గూళ్ళమర్చి వానిపై చక్కని పుస్తకము వ్రాసెను. 1949లో ఎలిజబెత్ సిల్వా అను పక్షి పరిశోధకురాలిని వివాహమాడగా నలుగురు పిల్లలు కలిగిరి. దైవవిషయమున సందేహియై యుండిన ఆయన 1948లో క్రైస్తవ మతమును స్వీకరించి, పరిణామ సిద్ధాంతమును, మతవిశ్వాసమును గూర్చి 1957లో ఒక పుస్తకము వ్రాసెను; రెండింటిలో దేనిని విడువలేదు. 1972లో రాయల్ సొసైటీ వారు డార్విను పతకము నొసగిరి. 1973 మార్చి 12వ తేదీన ఆయన పరమపదించెను.

ఆయన పోయిన కొన్నేండ్లకే ఆయన సిద్ధాంతము చిక్కులలో పడెను. డేనియల్ సింబర్లాఫ్ మొదలైన అమెరికా పండితులు ఒక పదునైన ఆక్షేపణ తెచ్చిరి. దానిని మా తరగతిగది భాషలో చెప్పెదము. ఏ తరగతినుండియైనను అయిదుగురు బాలురను కన్నులు మూసికొని పిలువుడు; వారి పొడవులు వేర్వేఱుగా నుండును. అంతమాత్రమున వారు ఒకరితోనొకరు పోటీపడి అట్లు పెరిగిరని చెప్పవచ్చునా? ఒక దీవిలోని జాతుల పరిమాణములు వేర్వేఱుగా నుండుట కేవలము యాదృచ్ఛికము కాదని ఋజువేది? ఈ ఆక్షేపణ న్యాయమైనదనియే మా అభిప్రాయము. కొలతలు మాత్రమే దీనికి చాలవు.

పరీక్షకు అనువైన జంతువులు ఎలుకలని తేలెను. లాక్‌ను గలాపగోస్‌లో బాధించిన నల్ల ఎలుకలు ఓడలవెంట వచ్చినవి. అవి వచ్చిన పిదప ఆ దీవుల స్వదేశపు ఎలుకజాతులు పెక్కు నశించెను. 1906లో శాంటియాగో దీవిలో దొరకి, పిమ్మట అంతరించెనని తలపబడిన ఒక స్వదేశపు ఎలుక 1997లో తిరిగి కనబడెను. ఒక జాతి మఱియొకదానిని అణచగలదనుటకు ఇట్టివి సూచనలే కాని ఋజువులు కావు. ఋజువుకొఱకు జేమ్స్ బ్రౌన్, ఆయన అనుచరులు 1977లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున పోర్టల్ అను ఊరి చెంతనున్న ఎడారిని ఎంచుకొనిరి. అచ్చట గింజలు తిని బ్రదుకు ఎలుకలు పెక్కు రకములు. 7, 8 గ్రాముల చుంచునుండి 120 గ్రాముల పెద్ద కంగారూ ఎలుక వఱకు కలవు. వెనుకకాళ్ళపై గెంతుచు పోవుటచేత దానికి ఆ పేరు. చుంచులలో కొన్నిటికిని కంగారూ ఎలుకలకును చెక్కిళ్ళయందు గింజలు దాచుకొను సంచులుండును.

అక్కడ 50 మీటరుల చదరములుగా 24 మడులు గీసి, తీగెవలతో కంచెలు కట్టిరి. కంచెల అడుగున ద్వారములుంచిరి. కొన్ని మడుల ద్వారములు అన్ని ఎలుకలకును పట్టును. కొన్నిటివి చిన్నవి, చుంచులు దూరగలవు, కంగారూ ఎలుకలు దూరలేవు. మొదట కొన్ని నెలలు ఏమియు కనబడలేదు. ఆ పిమ్మట కంగారూ ఎలుకలు లేని మడులలో గింజలు తిను చుంచులు పెరిగి పెరిగి మూడురెట్లకు మించెను. పురుగులను తిను ఎలుకలు మాత్రము పెరుగలేదు. పెద్దవి పోయినందువలన కలిగిన లాభము గింజల పొత్తుదారులకే చేకూరినదని స్పష్టమయ్యెను. మఱియు 1982లో బౌవర్స్, బ్రౌన్ అనువారు ఎడారి ఎలుకల పట్టికలను లెక్కకట్టి, బరువులో ఒకటిన్నర రెట్ల తేడాయైనను లేని గింజతిండి జాతులు ఒకేచోట కలిసియుండుట యాదృచ్ఛికముగ జరుగవలసిన దానికంటె తక్కువ యని చూపిరి. ఇది కట్టుబాటు కాదు. పోర్టల్‌లోనే బరువున దగ్గఱగానుండు రెండు కంగారూ ఎలుకజాతులు కలిసియున్నవి. ఆక్షేపణ తెచ్చిన సింబర్లాఫే 1994లో తమార్ దయాన్‌తో కలిసి ఈ ఎలుకల ముందుపండ్ల వెడల్పులను కొలిచి, కలిసియుండు జాతులలో అవి మెట్లవలె క్రమమైన యెడములతో నున్నవని ప్రకటించెను. లాక్ వలెనే ఈయనయు కొలతల మాటను మన్నించెను.

ఐనను ఒక లోటు మిగిలెను. పోటీ నేడు కలదని కంచెలు చూపినవి; ఆ పోటీ శరీరమును మలచుట ఎవరును కన్నులార చూడలేదు. లాక్ మరణించిన 1973లోనే పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు డాఫ్నీ దీవిలో ఫించిల కాళ్ళకు కడియములు తొడుగుట ప్రారంభించిరి. 1977లో వానలు లేక నడిమి ఫించిలలో నూటికి 85 వఱకు చచ్చెను. చిన్న గింజలు అయిపోగా పల్లేరుకాయలు పగులగొట్టగల లావుముక్కువి ఎక్కువగా మిగిలెను. అప్పటికి ఆ కాయలకు పోటీదారులు దాదాపు లేరు. 1982 చివర పెద్ద నేల ఫించిలు ఆ దీవిలో కాపురము పెట్టి క్రమముగ పెరిగెను. 2003లో మరల వానలు తప్పెను. 2004లో కఱవు ముదిరెను. ఈ మాఱు పల్లేరుకాయలను పెద్ద ఫించిలు స్వాహాచేయుచుండగా, నడిమి జాతిలోని లావుముక్కు పక్షులు వాని ముందు నిలువలేక ఎక్కువగా చచ్చెను. సన్నముక్కువి చిన్న గింజలతో గడుపుకొనెను. 2005లో కొలువగా డాఫ్నీలోని నడిమి ఫించిల సగటు ముక్కు మునుపటికంటె చిన్నదై యుండెను. 1977 నాటి కఱవు దానిని ఏ దిక్కునకు నెట్టెనో దానికి సరిగా ఎదురుదిక్కునకు జరిగెను.